ఇల్లు కట్టి చూసినవాడి కథ ఎక్కడ?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న సామెత తెలియని తెలుగువాడు వుండడు. ఒక సంసారి శక్తినీ, అప్పునూ, పరువునూ తూచే తక్కెడలు రెండే వున్నాయని ఈ సామెత చెబుతున్నది. చిత్రమేమంటే, ఆధునిక తెలుగు సాహిత్యం ఈ సామెతలో రెండవ సగాన్నే పట్టించుకున్నది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో కొత్త రూపం పొందిన "కన్యాశుల్కం" మొదలుకొని కాళ్లకూరి నారాయణరావు "వరవిక్రయం" దాకా, ఆ పిమ్మట వచ్చిన వందలాది కథల దాకా, పెళ్లి అనే బేరాన్ని మన రచయితలు లోపలా బయటా విప్పి చూపారు. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, మధ్యవర్తికి ఎంత ముట్టింది, పోలిశెట్టి వంటివాడు ఎక్కడ నిలబడ్డాడు – అన్నీ రాశారు. మరి మొదటి సగం మాటేమిటి? ఇల్లు కొన్నవాడి కథ, వాయిదాలు కట్టినవాడి కథ, ఊరి చివర కొత్త కాలనీకి సంసారం మార్చిన మొదటి రాత్రి కథ – వీటిని మన సాహిత్యంలో వెతికితే దొరికేది బహు స్వల్పం.

ఈ ప్రశ్న కావలిలో నిలబడి వేసుకోవడంలో ఒక అర్థం వున్నది. అక్కడి జవహర్ భారతి కళాశాలలో తెలుగు బోధించిన కె.వి. రమణారెడ్డిగారు 1969లో "మహోదయం" ప్రకటించారు. గురజాడను ఒక మహాపురుషుడిగా కీర్తించి వదిలిపెట్టకుండా, ఆ రచనల వెనుక వున్న భూమి సంబంధాలను, ఉద్యోగ వర్గాన్ని, సంస్కరణోద్యమాన్ని కలిపి చదివిన గ్రంథం అది. ఒక సాంఘికాచారం కింద ఎంత రొక్కం కదులుతున్నదో చూడకుండా ఆ ఆచారం మీద వచ్చిన సాహిత్యాన్ని అంచనా వేయలేమన్న పద్ధతిని మన విమర్శకు అలవాటు చేసిన గ్రంథాలలో దానికి స్థానం వున్నది. పెళ్లి బేరానికి పనికివచ్చిన ఆ పద్ధతి ఇంటి బేరానికి ఎందుకు పనికిరాకూడదు? పైగా ఇవాళ కావలి చుట్టూ అమ్మకానికి పెట్టింది సరిగ్గా ఇల్లే.

ముందుగా మన పెద్దలకు న్యాయం చేయాలి. వారు ఇంటిని గురించి రాయలేదనడం సరికాదు. ఇల్లు పోగొట్టుకోవడాన్ని గురించి రాశారు. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు పతనమంతా పెద్దల నాటి ఆస్తీ ప్రతిష్ఠా చేతుల్లోనుంచి జారిపోవడంతో పెనవేసుకున్న పతనం. రావిశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య ఎవరిని చూసినా భయపడే గుమాస్తా. ప్రపంచంలో ఇది నా చోటు అని కాలు మోపగల జాగా అతనికి మనసులోనే లేదు, ఇక గజాల్లో ఎక్కడిది? చాసో "వాయులీనం"లో భార్య జబ్బుకు డబ్బు లేక ఆమె ప్రాణంగా చూసుకున్న వాద్యాన్నే అమ్మవలసి వచ్చింది. ఆ తరం రచయితలు ఎరిగిన మధ్యతరగతి, వున్నది అమ్ముకుంటూ కిందికి జారుతున్న మధ్యతరగతి. ఉద్యోగులకు ప్రభుత్వమిచ్చే ఇంటి అడ్వాన్సు వంటివి వున్నా, జీతం కాగితం చూపి ఇరవై ఏళ్ల అప్పు తెచ్చుకోవడం సామాన్య గుమాస్తా ఊహలోకి రాని కాలమది. హడ్కో 1970లో, హెచ్‌డీఎఫ్‌సీ 1977లో, జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 1988లో వచ్చాయి. వాయిదాల ఇల్లు సమాజంలోనే లేనప్పుడు సాహిత్యంలో వుండమనడం అన్యాయం. తప్పంటూ వుంటే అది ఆ తర్వాతి మనది.

ఇవాళ్టి పరిస్థితి వేరు. నెల్లూరులోనో చెన్నైలోనో అద్దె వాటాలో పదేళ్లు గడిపిన ఉపాధ్యాయ దంపతులు, బ్యాంకు ఉద్యోగి, ఆస్పత్రి నర్సు, చిన్న కాంట్రాక్టు మీద ఇంజనీరు – వీరు నగరంలో అడుగు కొనలేక నగరానికి దూరంగా, రైలుకూ రోడ్డుకూ దగ్గరగా వుండే ఊరి వైపు చూస్తున్నారు. చెన్నై–విజయవాడ రైలు మార్గమూ, పదహారో నంబరు జాతీయ రహదారీ రెండూ కావలిని ఆనుకొని పోతున్నాయి. పొద్దున్నే నెల్లూరు వెళ్లి సాయంకాలం తిరిగి రావడం సీజన్ టికెట్టుదారులకు కొత్త కాదు. దీనికి తోడు ఉత్తరాన రామాయపట్నం రేవుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. ఆ చేరువలోనే పెట్రోలియం శుద్ధి కర్మాగారం మాట వచ్చింది. ఇక చూడండి, రహదారి పక్క పొలాల్లో వరి బదులు రంగులు పూసిన హద్దురాళ్లు మొలిచాయి. ఇంకా ఒక్క ఇల్లు లేవని చోట స్వాగత తోరణం లేచింది.

ఈ తోరణం దగ్గర పంచిపెట్టే కరపత్రాన్ని మనవాళ్లు చదివి పారేస్తారు. అది పొరపాటు. మధ్యతరగతి ఇంటి కోరికను గురించి మన కాలంలో ఎక్కువగా అచ్చయిన, ఎక్కువగా చదవబడిన తెలుగు వచనం అదే. విమర్శకుడు దానిని ఒక రచనగా చదవవలసి వున్నది. దాని శిల్పం ఏమిటి? మొదటిది, దూరాన్ని కాలంగా మార్చడం. రేవు ఇన్ని మైళ్లని ఎక్కడా వుండదు. ఇన్ని నిమిషాలని వుంటుంది. ఎవరి బండిలో, ఏ వేళలో అన్నది చెప్పరు. రెండవది, వర్తమాన కాలాన్ని పూర్తిగా బహిష్కరించడం. రోడ్డు రాబోతుంది, ఫ్యాక్టరీ రాబోతుంది, ధర పెరగబోతుంది. వచ్చి వున్నది కొనేవాడి దగ్గర వున్న డబ్బు ఒక్కటే. మూడవది, మనుషులను మాయం చేయడం. ఆ బొమ్మల్లో భార్య, భర్త, ఇద్దరు పిల్లలు, పచ్చగడ్డి వుంటారు. నిన్నటిదాకా ఆ మడి దున్నినవాడు లేడు. రేపు ఆ ఇంట్లో అంట్లు తోమబోయే మనిషి ఎక్కడినుంచి నడిచి రావాలో లేదు. తాగునీరు ఎక్కడిదో లేదు. కొనేవాడి జీతం మాట అసలే లేదు.

నాలుగవది కొలతల భాష. ఈ భాషను గమనిస్తే మన సంఘం పటం కళ్లకు కడుతుంది. 2020 డిసెంబరు 25న ప్రారంభమైన పేదల ఇళ్ల పథకంలో పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. టిడ్కో ఇళ్లలో కొలత చదరపు అడుగు: మూడు వందలు, మూడు వందల అరవై అయిదు, నాలుగు వందల ముప్పై. మధ్యాదాయ వర్గాల లేఔట్లలో కొలత గజం: నూటయాభై, రెండు వందలు, రెండు వందల నలభై. పరిశ్రమ విషయానికి వచ్చేసరికి లెక్క వేల ఎకరాలు. పేదవాడికి సెంటు, జీతగాడికి గజం, పెట్టుబడికి ఎకరం! ఒకే నేలను ఎవరి నోటితో అడిగితే ఆ కొలతలో కోసి ఇచ్చే ఈ వ్యవస్థను ఏ కవి వర్ణించగలడు? ఆ ఎకరాలు ఇవ్వమని 2025లో కరేడు రైతులు ఎదురు తిరిగినప్పుడు గాని, గజాలు కొన్న మనకు మన కాలి కింది నేల ఎక్కడినుంచి వచ్చిందో జ్ఞాపకం రాలేదు.

ఇక్కడ ఒక నిజమైన సంఘటనను వివరంగా తీసుకోవాలి. ఎందుకంటే మన సాహిత్యం జారవిడిచినదేమిటో అది తెలియజేస్తుంది. 2022 జనవరి 7న రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంటు ప్రకటించింది. ఆ ప్రకటనలోనే మరొక మాట వున్నది: స్వంత ఇల్లు లేని ఉద్యోగులకు రాబోయే స్మార్ట్ టౌన్‌షిప్పుల్లో పది శాతం స్థలాలు కేటాయిస్తామని, ధరలో ఇరవై శాతం తగ్గిస్తామని. నాలుగు రోజుల తర్వాత, జనవరి 11న, ఆ టౌన్‌షిప్పుల తొలి విడత మొదలయింది. ధర్మవరం, మంగళగిరి దగ్గర నవులూరు, రాయచోటి, కందుకూరు, ఏలూరు – వీటితో పాటు కావలి ఆ జాబితాలో వున్నది. ఏడాదికి పద్దెనిమిది లక్షల లోపు ఆదాయం వున్న కుటుంబాలు అర్హులు. దరఖాస్తుతో పది శాతం, ఒప్పందం అయిన నెల లోపు ముప్పై శాతం, ఆరు నెలల లోపు ముప్పై, ఏడాదిలోగానో రిజిస్ట్రేషను నాటికో మిగిలిన ముప్పై – ఇవీ వాయిదాలు.

అదే జనవరి నెలలో వచ్చిన ఉత్తర్వులు ఉద్యోగుల ఇంటి అద్దె భత్యాన్ని కోశాయి. ఆ కోతే ఆందోళనకు ముఖ్య కారణాలలో ఒకటి. ఫిబ్రవరి 3న "చలో విజయవాడ"కు ఆంక్షలను దాటుకొని ఉద్యోగులూ ఉపాధ్యాయులూ వేలాదిగా తరలివచ్చారు. ఫిబ్రవరి 7 నుంచి తలపెట్టిన సమ్మె ఆఖరి ఘడియలో ఒప్పందంతో ఆగింది. ఆ ఒప్పందం మీద ఉపాధ్యాయ సంఘాలు అసంతృప్తి ప్రకటించాయి.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేత్తో అద్దె భత్యం తగ్గింది. మరొక చేత్తో స్థలం మీద రాయితీ చూపబడింది. ఎవరో కూర్చొని పన్నిన కుట్ర అని నేను అనడం లేదు. అంతకంటే లోతైన విషయమిది. అద్దె భత్యం ఉమ్మడి హక్కు. అది తగ్గితే అందరికీ తగ్గుతుంది, అందరూ కలిసి రోడ్డెక్కుతారు. స్థలం ఒక్కరిది. దరఖాస్తు ఒక్కరు పెట్టుకుంటారు, లాటరీలో పేరు ఒక్కరికి వస్తుంది, నెల లోపు ముప్పై శాతం ఎక్కడినుంచి తేవాలో ఒక్కరే ఆలోచిస్తారు. అద్దె మనుషులను కూడగట్టే బాధ, వాయిదా మనుషులను విడదీసే బాధ. మొదటి బాధకు మన దగ్గర నినాదం వున్నది, కరపత్రం వున్నది, పాట వున్నది. రెండవ దానికి మన దగ్గర ఏమీ లేదు. ఆ ఖాళీలోకి తోరణం దగ్గరి కరపత్రం వచ్చి కూర్చున్నది.

"దీనికి సమాధానం 1872లోనే ఎంగెల్స్ చెప్పాడు గదా" అని మన మిత్రులు కొందరు అంటారు. చెప్పాడు, మరొకసారి చదువుకోవడం మంచిది. ఇళ్ల సమస్య మీద లైప్‌జిగ్ పత్రికకు రాసిన ఆ వ్యాసాల్లో ఆయన ఇద్దరితో తలపడ్డాడు. అద్దెకున్నవాడిని వాయిదాల మీద ఇంటి యజమానిని చేస్తే సాంఘిక సమస్య తీరుతుందన్న ప్రూధాన్ శిష్యులు ఒకరు. కార్మికుడికి ఇల్లిస్తే అతడూ చిన్న ఆస్తిపరుడై కుదురుగా వుంటాడని ఆశపడిన ఎమిల్ జాక్స్ వంటి బూర్జువా సంస్కర్తలు మరొకరు. ఇల్లు, తోట వున్న కార్మికుడు యజమానిని వదిలి వేరే చోటికి పోలేడని, అతడి కూలిని తగ్గించడానికి ఆ ఇల్లే సాధనమవుతుందని ఎంగెల్స్ వాదించాడు. 1887 నాటి పీఠికలో జర్మనీ పల్లెల్లోని ఇంటి పరిశ్రమలను చూపి ఆ మాటను బలపరిచాడు. ఫిబ్రవరి 2022లో సమ్మె నోటీసును చేతిలో పట్టుకొని, నెల తిరిగేసరికి కట్టవలసిన వాయిదాను తలుచుకున్న ఉపాధ్యాయుడికి ఈ వాదన పుస్తకంలో చదివి తెలుసుకోవలసినది కాదు.

ఐతే ఎంగెల్స్ చెప్పినదాన్ని సూత్రంగా కంఠస్థం చేసి, ఇల్లు కోరినవాడినల్లా "పెటీ బూర్జువా" అనడం మార్క్సిజం అనిపించుకోదు. ఇక్కడ స్థలమూ కాలమూ చూడాలి. మన దేశంలో అద్దె ఇల్లు అడిగినవాడిని జీతం కంటే ముందు ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చాలకపోతే ఏం తింటారని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పి చెప్పి అలసిన దళిత ఉద్యోగి, ముస్లిం ఉద్యోగి, ఒంటరి స్త్రీ ఇల్లు కొనాలనుకుంటే, ఆ కోరికలో ఆస్తి వ్యామోహం కంటే అవమానం నుంచి తప్పుకోవాలన్న ఆరాటమే ఎక్కువ. 1985 జూలై 17న కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగాక ప్రాణాలు దక్కినవారు చీరాల చేరి, ఆ ఊరి విజయనగర్ కాలనీలో బతుకు మళ్లీ మొదలుపెట్టారు. ఆ కాలనీని ఎవరు "పెటీ బూర్జువా" అనగలరు?

"కాలనీ" అన్న మాటకే మన జిల్లాల్లో రెండు చరిత్రలున్నాయి. కావలినే తీసుకోండి. ఇక్కడ ప్రణాళిక వేసి మనుషులను స్థిరపరిచిన తొలి నివాసాల్లో ఒకటి, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన ఎరుకల సెటిల్‌మెంటు. తెల్ల ప్రభుత్వం 1871లో చేసి, 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేసిన నేరస్థ జాతుల చట్టం కింద, తిరుగుడు బతుకు బతికే ఉప్పు వర్తకులైన ఎరుకలను ఒక చోట కట్టిపడేసి, హాజరు పిలిచి, బయటికి పోవాలంటే అనుమతి తీసుకోమన్నారు. అదీ ఇల్లే, అదీ వీధుల వరుసే. స్థిర నివాసం నాగరికతకు గుర్తు అన్న వాదన ఆనాడు పోలీసు భాషలో వచ్చింది. ఈనాడు బ్యాంకు భాషలో వస్తున్నది. పిల్చే హాజరు నెలనెలా ఖాతా మీద పడుతున్నది. రెండూ ఒకటేనని నేను అనడం లేదు. బలవంతాన పెట్టిన కంచెకూ, అప్పు చేసి కొనుక్కున్న ప్రహరీకీ ఎంతో తేడా వున్నది. కాని ఇంటిని గురించి రాసే రచయితకు ఈ రెండు జ్ఞాపకాలూ వుండాలి: కొందరికి ఇల్లు విడుదల అయింది, కొందరికి చెర అయింది, ఒకే మనిషికి రెండూ అయిన సందర్భాలున్నాయి.

గేటు ప్రశ్న మనకు మాత్రమే పరిమితం కాదు. యుద్ధం ముగిశాక, 1947లో న్యూయార్కు శివార్లలో కట్టడం మొదలైన లెవిట్‌టౌన్ సామాన్య జీతగాడికి స్వంత ఇల్లు అందించిన ఆదర్శంగా లోకమంతా పొగడబడింది. ఆ ఇళ్ల పత్రాల్లో నల్లవారు అక్కడ నివసించరాదన్న షరతు వున్నది. మన లేఔట్ల పత్రాల్లో అటువంటి వాక్యం వుండదు, రాజ్యాంగం ఒప్పుకోదు. రాయని షరతు ఎలా పనిచేస్తుందో రాయడం కథకుడి పని. పత్రంలో లేనిదాన్ని పట్టుకునే సాధనం కథ కాక మరేమున్నది?

ఇప్పుడు మన రచనల సంగతికి వద్దాం. ఇంటి మీద వచ్చిన ఇటీవలి కథల్లో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. మొదటిది దీవెన ధోరణి. దాని ఉత్తమ రూపం శ్రీరమణ "మిథునం". అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల పెరడు, ఆ పెరట్లోని కాయగూరలు, ఆ ముసలి పేచీలు చదివి ముగ్ధులు కానివారు తక్కువ. 2012లో తనికెళ్ల భరణి దానిని చలనచిత్రంగా తీశారు. ఆ కథ గొప్పతనాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. దాంపత్యం మీద రాసిన కథను ఆస్తి మీద ఎందుకు రాయలేదని నిలదీయడం విమర్శ కాదు. కాని ఒక సంగతి చెప్పాలి. ఆ పెరడు ఎవరు ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో కథకు అక్కర లేదు. ఆ ఇల్లు ప్రకృతి లాగా ముందే వున్నది. నేటి కరపత్రం రచయిత ఎత్తుకున్నది సరిగ్గా ఈ ఇంటినే. అదే పెరడును నూటయాభై గజాల్లో కుదించి, రెండు కొబ్బరి మొక్కలు నాటి, పక్కన ధర వేశాడు. లెక్క లేని స్వర్గాన్ని సాహిత్యం చూపితే, దాన్ని లెక్క కట్టి అమ్మే పని వ్యాపారి చూసుకున్నాడు.

రెండవది ఎగతాళి ధోరణి. ఇది మన అభ్యుదయ శిబిరంలోనే ఎక్కువ. కథలో ఒక గుమాస్తా వుంటాడు, భార్య పోరు పడలేక అప్పు చేసి ఇల్లు కొంటాడు, బోరులో నీళ్లు పడవు, బస్సు రాదు, గోడ బీటలు వారుతుంది, అతడికి రక్తపోటు వస్తుంది, చివరి వాక్యంలో రచయిత "అనుభవించు" అన్నట్టు నవ్వుతాడు. ఈ కథల్లో ఇంటి కోరిక ఎప్పుడూ భార్యదే కావడం గమనించండి. చాసో పాత్రకు వాయులీనం మీద వున్న ప్రేమ ఎంత గౌరవంగా చిత్రితమయిందో తలుచుకుంటే, మనం ఎంత దూరం జారామో తెలుస్తుంది. వస్తువును ప్రేమించే మనిషిని చాసో చిన్నబుచ్చలేదు. ఆ ప్రేమను అమ్మకానికి తెచ్చిన లేమిని చూపాడు. మన ఎగతాళి కథకుడు లేమిని వదిలిపెట్టి ప్రేమను చిన్నబుచ్చుతున్నాడు. ఫలితమేమిటంటే, ఆ కథ చదివిన ఉపాధ్యాయుడు సిగ్గుపడి పత్రిక మూసి, తన వాయిదా సంగతి ఎవరికీ చెప్పడు. సంఘం సమావేశంలో అసలే చెప్పడు. కరపత్రం వాడు మాత్రం అతన్ని "సార్" అని కుర్చీ వేసి కూర్చోబెడతాడు. మనిషి ఎటు పోతాడు?

ఈ రెంటికీ భిన్నమైన కథకు సామగ్రి ఎక్కడ? బ్యాంకువాడిచ్చే వాయిదాల పట్టికలోనే వున్నది. ఒక లెక్క చూడండి. ఇరవై లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు దాదాపు పద్దెనిమిది వేలు కట్టాలి. మొదటి నెల ఆ పద్దెనిమిదిలో పదిహేను వేలు వడ్డీకి పోతే, అసలు తగ్గేది మూడు వేలు. పదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టాడనుకోండి. కట్టిన మొత్తం ఇరవై ఒకటిన్నర లక్షలు దాటుతుంది – అంటే తెచ్చిన అప్పు కంటే ఎక్కువ. ఐనా ఇంకా నిలిచి వున్న అసలు పద్నాలుగు లక్షల పైచిలుకు! ఇరవై ఏళ్లకు చేరే మొత్తం నలభై మూడు లక్షలు. సగం ఆయుర్దాయం గడిచాక కూడా మూడింట ఒక వంతు కూడా తీరని ఈ అప్పును రోజూ మోస్తూ పాఠం చెప్పే మనిషి మనసులో ఏం జరుగుతుందో, అదే నవల. అందులో విలన్ అక్కర లేదు. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యకపోయినా, అన్ని సంతకాలూ సక్రమంగా వున్నా ఇలా జరుగుతుంది. ఆ సక్రమతను చిత్రించడమే వాస్తవికత.

ఆ నవలలో స్త్రీ పాత్ర ఎలా వుండాలి? 2020 నాటి పేదల ఇళ్ల పట్టాలు స్త్రీల పేరున ఇచ్చారు. మధ్యతరగతి ఇళ్లలో భార్య బ్యాంకు కాగితంలో సహ రుణగ్రహీత. నెల లోపు కట్టవలసిన ముప్పై శాతానికి మొదట కదిలేది ఆమె మెడలోని బంగారమే. పుట్టింటివారు పెళ్లిలో పెట్టిన ఆ బంగారం ఇంటి వాయిదాగా మారిన క్షణాన సామెతలోని రెండు సగాలూ కలుస్తాయి: వరవిక్రయం వచ్చి గృహ విక్రయం దగ్గర నిలుస్తుంది. పత్రం మీద ఆమె పేరు వున్నది. పొద్దున్న నాలుగున్నరకు లేచి, డబ్బాలు సర్ది, నెల్లూరు రైలందుకొని, రాత్రికి తిరిగివచ్చి, కొళాయి రాని రోజున ట్యాంకరు కోసం నిలబడేదీ ఆమే. ఈ స్త్రీ "పోరు పెట్టే భార్య"గా తప్ప మన కథల్లో ఎందుకు కనబడదు?

అలాగే టిడ్కో ఇళ్ల సంగతి. రాష్ట్రంలో పలుచోట్ల ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు నుంచి వాయిదా కట్టమని తాఖీదులు వచ్చాయని పత్రికలు రాశాయి. గోడలు లేచి వుంటాయి, తలుపు తాళం వుంటుంది, తాళం చెవి వుండదు. అప్పు మాత్రం ఇంట్లో కాపురం పెట్టేసింది. ఇది పత్రికలో నాలుగు వాక్యాల వార్త. గురజాడ చేతిలో పడితే ఒక అంకం అయ్యేది.

కొత్త కాలనీలో వేర్వేరు కులాలవారు, వేర్వేరు ఊళ్లవారు, అందరూ అప్పుల్లో వున్నవారు ఒకే వీధిలో వుంటారు. నీళ్లు రాకపోతే, వీధిదీపం వెలగకపోతే, వాగ్దానం చేసిన రోడ్డు పడకపోతే మొదట ఒక్కొక్కరే తిరుగుతారు; ఆ పిమ్మట ఒకరి గుమ్మంలో మరొకరు కూర్చుంటారు. కాలనీ సంక్షేమ సంఘం పుట్టేది ఇలాగే. ఆ సంఘం రేపు గేటు మూసి పనిమనుషుల పేర్లు రాసుకునే సంఘమూ కావచ్చు, పక్క ఊరి రైతు భూమి కోసం నిలబడే సంఘమూ కావచ్చు. ఏది అవుతుందో ముందుగా నిర్ణయమై లేదు. అది నిర్ణయమయ్యే చోట అభ్యుదయ రచయిత వుండాలి గాని, రహదారి మీదినుంచి తోరణాన్ని చూసి నవ్వుకుంటూ పోకూడదు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ప్రజల జీవితాన్ని రాయాలన్నది మన ప్రతిజ్ఞ. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయ మిత్రులలో నెలనెలా వాయిదా కట్టేవారు తక్కువేమీ కారు. విద్యార్థి మిత్రులలో చాలామందిని చదివిస్తున్నది ఆ వాయిదా పోగా మిగిలిన జీతమే. కనుక ఒక సూచన చేస్తాను. రాబోయే సంచికలకు కథ రాయదలచిన మిత్రులు ముందుగా తమ ఇంట్లోనో పక్కింట్లోనో వున్న వాయిదాల పట్టిక తెచ్చుకొని, పక్కన కూర్చొని, ఆ కాగితం వచ్చిన రోజు ఇంట్లో ఎవరు ఏమన్నారో అడిగి రాసుకోండి. ఎవరినీ దీవించకండి, ఎవరినీ వెక్కిరించకండి. పెళ్లి బేరాన్ని గురజాడ ఎంత శ్రద్ధగా లెక్క చూశాడో, అంత శ్రద్ధగా ఈ లెక్క చూడండి. సామెతలో మిగిలిపోయిన ఆ మొదటి సగం కావలి పొలిమేరలో, ఏలూరులో, రాయచోటిలో, మన ఇళ్లలోనే వున్నది.